ఫ్యాన్‌లో ఒక కండెన్సర్, రెగ్యులేటర్‌లో మరికొన్ని: గాలి ఎక్కడ తగ్గిందో తేల్చుకోవడం ఎలా

వేసవి మొదలవగానే ఎలక్ట్రికల్ షాపుల్లో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. ఫ్యాన్ తిరుగుతోంది, గాలి మాత్రం తగలడం లేదు. రెగ్యులేటర్ అయిదులో పెట్టినా రెండులో పెట్టినట్టే ఉంటుంది. ఇంటికొచ్చిన మెకానిక్ చాలాసార్లు పాత కండెన్సర్‌ని కొలవకుండానే కొత్తది వేసేస్తాడు. గాలి పెరిగితే సరే. పెరగకపోతే రెగ్యులేటర్ మారుస్తాడు. అప్పటికీ లాభం లేకపోతే వైండింగ్ (మోటారులోని తీగ చుట్ట) పోయిందనో, కొత్త ఫ్యాన్ కొనుక్కోమనో చెబుతాడు. ఇంత తతంగంలో ఎవరూ చేయని పని కండెన్సర్ విలువ ఎంత మిగిలిందో కొలవడం. అర నిమిషం కొలతతో తేలిపోయే విషయానికి రీవైండింగ్ ఖర్చు పెట్టుకోవడం చూస్తే బాధగానే ఉంటుంది.

గందరగోళానికి ఓ కారణముంది. మామూలు సీలింగ్ ఫ్యాన్ సర్క్యూట్‌లో కండెన్సర్లు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి ఫ్యాన్ రాడ్డు కింది కప్పులో, మోటారుకు పైన. మిగతావి గోడ మీది బోర్డులో, రెగ్యులేటర్ లోపల. కప్పులో ఉన్నది మోటారుకు తిరిగే బలాన్ని ఇస్తుంది. రెగ్యులేటర్‌లోవి మోటారుకు చేరే వోల్టేజీని తగ్గిస్తాయి. వీటిలో దేని విలువ తగ్గినా ఫ్యాన్ నెమ్మదిస్తుంది కాబట్టి రెండూ ఒకే పని చేస్తున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండు చోట్లా వేగం తగ్గే కారణం వేరు. ఆ తేడా తెలిస్తే స్టూలు ఎక్కకముందే, స్విచ్‌బోర్డు దగ్గరే సగం విషయం తేలిపోతుంది.

మోటారుకు కండెన్సర్ ఎందుకు

మన ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజు కరెంటు, 230 వోల్టులు, సెకనుకు 50 సైకిళ్లు. ఒకే వైండింగ్‌లో ఈ కరెంటు పారితే పుట్టే అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరగదు. ఉన్నచోటే పెరుగుతుంది, తగ్గుతుంది, దిశ మార్చుకుంటుంది. దీన్ని ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు సమాన క్షేత్రాలుగా విడగొట్టి లెక్క వేస్తారు. ఆగి ఉన్న రోటార్‌ని, అంటే మోటారులో తిరిగే భాగాన్ని, ఒకటి కుడివైపు లాగితే రెండోది అంతే బలంతో ఎడమవైపు లాగుతుంది. మోటారు గుయ్యిమంటుంది గానీ కదలదు.

అందుకని ఫ్యాన్‌లో రెండు వైండింగులు చుడతారు. మెకానిక్‌ల భాషలో ఒకటి రన్నింగ్, రెండోది స్టార్టింగ్. రన్నింగ్ వైండింగ్ సప్లైకి నేరుగా కలుస్తుంది, స్టార్టింగ్ వైండింగ్ కండెన్సర్ ద్వారా కలుస్తుంది. కండెన్సర్ ఉన్న దారిలో కరెంటు రెండోదానికంటే దాదాపు పావు సైకిల్ ముందు నడుస్తుంది. 50 సైకిళ్ల కరెంటులో పావు సైకిల్ అంటే 5 మిల్లీసెకన్లు. తిరగలికి ఎదురెదురుగా కూర్చుని ఇద్దరు విసిరేటప్పుడు ఒకరి ఊపు తగ్గే చోట రెండోవారి ఊపు అందుకుంటుందే, అలాగే ఒక వైండింగ్ బలం తగ్గే సమయానికి రెండోదాని బలం పెరుగుతుంది. అప్పుడు క్షేత్రం ఒకే దిశలో తిరుగుతుంది, రోటార్ దాని వెంట పడుతుంది. కండెన్సర్‌ని ఒక వైండింగ్ వైపు నుంచి రెండో వైండింగ్ వైపుకు మారిస్తే ఫ్యాన్ ఎదురు దిశలో తిరుగుతుంది. రిపేరు తర్వాత ఫ్యాన్ బాగా తిరుగుతున్నా కింద గాలి రాకపోతే వైర్లు అటూఇటూ అయ్యాయేమో చూడాలి. కింద నుంచి చూసినప్పుడు మన ఫ్యాన్లు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరగాలి.

కొన్ని రకాల సింగిల్ ఫేజు పంపు మోటార్లలో స్టార్టింగ్ కండెన్సర్ మోటారు వేగం అందుకోగానే సర్క్యూట్ నుంచి తప్పుకుంటుంది. ఫ్యాన్‌లో అలా జరగదు. స్టార్టింగ్ వైండింగూ, కండెన్సరూ ఫ్యాన్ తిరిగినంతసేపూ పని చేస్తూనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు పదిహేను, పదహారు గంటలు తిరిగే ఫ్యాన్‌లో ఆ చిన్న డబ్బాకు అన్ని గంటలూ డ్యూటీయే.

మన 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్లలో చాలావాటికి కప్పులో ఉండేది 2.5 మైక్రోఫారడ్ (కండెన్సర్ సామర్థ్యాన్ని చెప్పే కొలమానం) కండెన్సర్. కొన్ని మోడళ్లకు 2.25, ఇంకొన్నిటికి 3.15 ఉంటుంది. 50 సైకిళ్ల కరెంటుకు 2.5 మైక్రోఫారడ్ చూపే అడ్డంకి సుమారు 1,270 ఓములు. విలువ సగానికి పడిపోతే ఆ అడ్డంకి రెట్టింపవుతుంది. స్టార్టింగ్ వైండింగ్‌లోకి కరెంటు తగ్గిపోతుంది, రెండు వైండింగుల మధ్య ఉండాల్సిన పావు సైకిల్ ఎడం కూడా చెదురుతుంది. తిరిగే క్షేత్రం గుండ్రంగా కాకుండా కోలగా మారుతుంది. అంటే ఎదురు దిశలో లాగే భాగం మళ్లీ బలపడి రోటార్‌కి బ్రేకు వేస్తుంటుంది. మోటారుకు పూర్తి 230 వోల్టులూ అందుతున్నా బలం చాలదు. వోల్టేజీ మీటరుతో చూసి సప్లై బాగానే ఉందని నిశ్చింతగా ఉండేవారికి దొరకని లోపం ఇదే.

కండెన్సర్ ఒక్కసారిగా పోదు, అరుగుతుంది

ఈ కండెన్సర్ లోపల ఉండేది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పొర, దాని మీద ఆవిరి రూపంలో పట్టించిన అతి పల్చటి లోహపు పూత. ప్లాస్టిక్ పొర మందం మైక్రాన్లలో ఉంటుంది, లోహపు పూత అంతకంటే ఎంతో పల్చన. వోల్టేజీ ఒక్కసారి ఎగసినప్పుడు పొరలో బలహీనంగా ఉన్న చోట చిన్న చిల్లు పడుతుంది. అక్కడ పుట్టే వేడికి చిల్లు చుట్టూ ఉన్న లోహం ఆవిరైపోతుంది. దాంతో ఆ చోటు మిగతా కండెన్సర్ నుంచి విడిపోయి షార్ట్ తప్పుతుంది. కండెన్సర్ మీద కనిపించే ఎస్‌హెచ్ (సెల్ఫ్ హీలింగ్, అంటే తనంతట తానే మానడం) అక్షరాలు ఈ గుణానికే గుర్తు. అయితే మానిన ప్రతిసారీ పనికొచ్చే లోహపు విస్తీర్ణం కాస్త తగ్గుతుంది, దానితోపాటు మైక్రోఫారడ్ విలువా తగ్గుతుంది. ఇలా వందల చిల్లులు పడితే 2.5 అని ముద్రించిన డబ్బాలో 1.6 మాత్రమే మిగలవచ్చు. పైకి చూస్తే అది కొత్తదానిలాగే ఉంటుంది.

కరెంటు పోయి వచ్చినప్పటి ఎగుడుదిగుళ్లు, స్లాబు కింద చేరే ఎండవేడి, కింది నుంచి మోటారు వేడి, సీలు సరిగా లేని డబ్బాల్లోకి చేరే తేమ, అన్నీ ఈ అరుగుదలను తొందరపెడతాయి. కండెన్సర్ మీద 40/085/21 అని ఉంటే మైనస్ 40 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేస్తుందని, తేమ పరీక్ష 21 రోజులు చేశారని అర్థం. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఇంటి పైకప్పు కింద ఎంత వేడి ఉంటుందో అక్కడుండే వాళ్లకు చెప్పనక్కర్లేదు.

కొనేటప్పుడు ఎక్కువమంది పట్టించుకోని ఇంకో అక్షరం క్లాసు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మోటారు కండెన్సర్లలో ఎ క్లాసుకు 30,000 గంటలు, బి క్లాసుకు 10,000 గంటలు, సి క్లాసుకు 3,000 గంటల ఆయుష్షు లెక్కేస్తారు. రోజుకు 15 గంటల చొప్పున లెక్కేస్తే 10,000 గంటలు రెండేళ్లు కూడా కాదు. ఈ గంటలు పూర్తి వోల్టేజీ, పూర్తి వేడి దగ్గర వేసిన లెక్క కాబట్టి ఇంట్లో అంతకంటే ఎక్కువే మన్నుతుంది. ఎటూ స్టూలు వేసుకుని ఎక్కాల్సిందే కనుక, క్లాసు చూసి కొంటే ఆ శ్రమ మళ్లీ మళ్లీ పడనక్కర్లేదు. మన దేశంలో ఈ కండెన్సర్లకు వర్తించే ప్రమాణం ఐఎస్ 2993. ఆ నంబరు కూడా డబ్బా మీద ఉందో లేదో చూసుకోవాలి.

రెగ్యులేటర్ లోపల జరిగేది వేరే పని

పాత ఇళ్లలో బోర్డు మీద పెద్ద డబ్బా రెగ్యులేటర్లు ఉండేవి. వాటిలో ఉండేది తీగ చుట్టిన రెసిస్టెన్స్. ఫ్యాన్‌కి అక్కర్లేని వోల్టేజీని అది వేడిగా మార్చేసేది. ఆ డబ్బా దగ్గర 100 వోల్టులు తగ్గిస్తూ 0.2 ఆంపియర్లు పారితే 20 వాట్లు ఊరికే కాలిపోయినట్టే. ఫ్యాన్ నెమ్మదించినా బిల్లు పెద్దగా తగ్గదన్న మాట ఆ కాలంలో పుట్టిందే. తర్వాత ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌తో పనిచేసే గుండ్రటి నాబ్ రెగ్యులేటర్లు వచ్చాయి. ఇవి కరెంటు తరంగాన్ని మధ్యలో కత్తిరిస్తాయి. వేడి తక్కువే గానీ తక్కువ స్పీడులో మోటారు బుయ్యిమంటూ శబ్దం చేస్తుంది. తరంగం అంచు నిట్టనిలువుగా లేచిన ప్రతిసారీ కప్పులోని కండెన్సర్‌లోకి కరెంటు దూసుకుపోతుంది కాబట్టి దానికీ ఇది మంచిది కాదు.

ఇప్పుడు చాలా ఇళ్లలో ఉండేవి అయిదు మెట్ల కండెన్సర్ రెగ్యులేటర్లు. వీటిలో కండెన్సర్ ఫ్యాన్ మొత్తానికి వరుసలో కలుస్తుంది. 1, 2.2, 3.3 మైక్రోఫారడ్ లాంటి విలువలను ఒక్కోటిగా గానీ, రెండేసి పక్కపక్కన కలిపి గానీ ఒక్కో నంబరుకు ఇస్తారు. 1 మైక్రోఫారడ్ సుమారు 3,180 ఓములు అడ్డుకుంటుంది, 2.2 అయితే 1,450, రెండూ కలిపిన 3.2 అయితే దాదాపు 1,000. నంబరు పెరిగేకొద్దీ అడ్డు తగ్గి ఫ్యాన్‌కి వోల్టేజీ పెరుగుతుంది. అయిదో నంబరులో కండెన్సర్ ఏదీ ఉండదు, సప్లై నేరుగా ఫ్యాన్‌కి వెళుతుంది. లోపాన్ని వెతికేటప్పుడు ఈ చివరి మాట గుర్తుంటే చాలు, సగం పని సులువవుతుంది.

కండెన్సర్ దగ్గర వోల్టేజీ, కరెంటు ఒకే సమయంలో పెరగవు, తగ్గవు. వాటి మధ్య పావు సైకిల్ ఎడం ఉంటుంది. అందుకే కండెన్సర్ శక్తిని తీసుకుని మళ్లీ తిరిగి ఇచ్చేస్తుంది, వేడిగా ఖర్చు చేయదు. రెండో నంబరులో ఫ్యాన్ తిరుగుతుండగా ఫ్యాన్ దగ్గర వోల్టేజీని, రెగ్యులేటర్ దగ్గర వోల్టేజీని విడివిడిగా కొలిస్తే రెండింటి మొత్తం 230 దాటుతుంది. మీటరు పాడైందేమో అనిపిస్తుంది గానీ ఆ కొలతలు సరైనవే. వేర్వేరు క్షణాల్లో శిఖరానికి చేరే వోల్టేజీలను మామూలు కూడికతో కలపకూడదు.

వోల్టేజీ తగ్గిస్తే ఏ మోటారైనా ఇలా సాఫీగా నెమ్మదిస్తుందా? లేదు. ఇండక్షన్ మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజీ సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఫ్యాన్ రెక్కలకు గాలిని తోయడానికి కావలసిన బలం కూడా వేగం వర్గాన్ని బట్టే తగ్గుతుంది కాబట్టి, మోటారు బలం తగ్గినప్పుడు ఇంకాస్త తక్కువ వేగం దగ్గర రెండూ సరిపోయి ఫ్యాన్ అక్కడ నిలకడగా తిరుగుతుంది. ఏ వేగంలోనైనా ఒకే బరువు లాగాల్సిన మోటారుకు ఈ రెగ్యులేటర్ పెడితే అది ఆగిపోయి, కాలిపోయే ప్రమాదం ఉంది.

స్టూలు ఎక్కకముందే చూడాల్సినవి

అయిదో నంబరులో గాలి మామూలుగా ఉండి, మధ్యలో ఒక నంబరులో ఫ్యాన్ ఆగిపోతున్నా, రెండు నంబర్లకు ఒకే వేగం వస్తున్నా లోపం రెగ్యులేటర్‌లోనే. అందులోని కండెన్సర్ గానీ, దానికి వరుసలో ఉండే చిన్న రెసిస్టర్ గానీ, తిప్పే కాంటాక్టు గానీ పోయి ఉంటుంది. అయిదో నంబరులోనూ గాలి తక్కువగా ఉంటే మాత్రం రెగ్యులేటర్ మార్చినందువల్ల లాభం ఉండదు. అక్కడ దాని కండెన్సర్లకు పనే లేదు.

ఇంట్లో అన్ని ఫ్యాన్లూ సాయంత్రం ఏడు నుంచి పది మధ్య నెమ్మదించి, తెల్లవారుజామున పుంజుకుంటే అది లో వోల్టేజీ. 230 ఉండాల్సిన చోట 200 వస్తే మోటారు బలం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. ఒక్క ఫ్యాన్ మాత్రమే రోజంతా నెమ్మదిగా ఉంటే కప్పులోని కండెన్సర్‌ని గానీ బేరింగుల్ని గానీ అనుమానించాలి. స్విచ్ ఆపేశాక ఆ ఫ్యాన్ చాలాసేపు నిశ్శబ్దంగా తిరిగి మెల్లగా ఆగితే బేరింగులు బాగున్నట్టే. గరగరమంటూ త్వరగా ఆగిపోతే కండెన్సర్ జోలికి వెళ్లేముందు బేరింగులు చూపించుకోవాలి.

ఇంకో గుర్తు చాలా ముందుగానే కనిపిస్తుంది, దాన్ని గమనించేవారు తక్కువ. నిరుడు ఒకటో నంబరులో స్విచ్ వేసినా కదిలిన ఫ్యాన్ ఈ ఏడాది ఒకటిలో గుయ్యిమంటూ నిలబడిపోతుంది. మూడులో పెట్టి కదిలాక ఒకటికి తగ్గిస్తే మళ్లీ తిరుగుతుంది. తక్కువ వోల్టేజీలో మోటారుకు ఉండే బలమే కొంచెం, కండెన్సర్ అరిగాక ఆ కొంచెం కూడా చాలదు. ఈ దశలో అయిదో నంబరు గాలిలో పెద్ద తేడా తెలియకపోవచ్చు. కండెన్సర్ కొలవడానికి సరైన సమయం అదే.

ఫ్యాన్ అసలు కదలకుండా గుయ్యిమంటూ ఉంటే కర్రతో రెక్కను మెల్లగా తోసి చూస్తారు. ఎటు తోస్తే అటు తిరగడం మొదలుపెడితే స్టార్టింగ్ వైపు దారి పూర్తిగా తెగిందని అర్థం. అది కండెన్సర్ కావచ్చు, వైర్ ఊడటం కావచ్చు, స్టార్టింగ్ వైండింగ్ కావచ్చు. ఇలా తోసి రోజులు గడిపేవాళ్లూ ఉన్నారు. రన్నింగ్ వైండింగ్ ఒక్కటే భారమంతా మోస్తూ వేడెక్కుతుంది కాబట్టి ఇది మంచి పద్ధతి కాదు. తిరగకుండా గుయ్యిమనే ఫ్యాన్‌ని ఆన్‌లో వదిలేయడం ఇంకా ప్రమాదం.

విప్పేటప్పుడు

స్విచ్ ఆపితే చాలదు. ఫేజు, న్యూట్రల్ తారుమారైన బోర్డుల్లో స్విచ్ ఆపినా ఫ్యాన్ వరకు ఫేజు ఉంటుంది. మెయిన్ లేదా ఆ గది ఎంసీబీ ఆపాలి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ ఫ్యాన్‌కి సప్లై ఇవ్వడం మొదలుపెడుతుంది. కాబట్టి ఇన్వర్టర్ని కూడా ఆపి, కప్పు దించాక టెస్టర్‌తో అన్ని వైర్లనూ చూసుకోవాలి. ఆ టెస్టర్ పని చేస్తోందో లేదో ముందే ఒక ప్లగ్గులో పరీక్షించుకోవాలి.

కండెన్సర్‌లో నిలవ ఉండే కరెంటు గురించి కొంత నిజం, కొంత భయం ప్రచారంలో ఉన్నాయి. ఫ్యాన్‌లో కండెన్సర్ రెండు కొసలూ రెండు వైండింగుల ద్వారా ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. కాబట్టి వైండింగులు బాగున్నంతవరకు స్విచ్ ఆపిన వెంటనే కండెన్సర్ ఖాళీ అయిపోతుంది. వైండింగ్ తెగినప్పుడో, వైర్ ఊడినప్పుడో మాత్రం ఆ దారి ఉండదు, చార్జి లోపలే ఉండిపోతుంది. అది 325 వోల్టుల దగ్గర నిలిచినా 2.5 మైక్రోఫారడ్‌లో ఉండే శక్తి 0.13 జౌల్ మాత్రమే. అంత చిన్న దెబ్బకు ప్రాణాపాయం సాధారణంగా ఉండదు గానీ, ఉలిక్కిపడి స్టూలు మీద నుంచి పడితే కాలో చెయ్యో విరుగుతుంది. వైండింగ్ ఏ స్థితిలో ఉందో విప్పకముందు తెలియదు కాబట్టి ప్రతిసారీ కండెన్సర్‌ని ఖాళీ చేయడమే పద్ధతి. 10 కిలో ఓముల రెసిస్టర్‌ని గానీ, హోల్డర్‌కు బిగించిన పాత ఫిలమెంట్ బల్బును గానీ రెండు వైర్లకు క్షణం పాటు తాకిస్తే సరిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే ఒక్కసారిగా పారే కరెంటు లోపలి లోహపు పూత అతుకుల్ని దెబ్బతీస్తుంది.

వైర్లు విప్పేముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే తర్వాత ఏది ఎక్కడ కలపాలన్న టెన్షన్ ఉండదు. రంగుల పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది.

మీటరుతో కొలత

కండెన్సర్లను కొలిచే సదుపాయం ఉన్న డిజిటల్ మల్టీమీటర్లు ఇప్పుడు వెయ్యి రూపాయల లోపే దొరుకుతున్నాయి. రేంజి మనమే పెట్టాల్సిన మీటరైతే 20 మైక్రోఫారడ్ దగ్గర ఉంచాలి. కండెన్సర్‌ని సర్క్యూట్ నుంచి పూర్తిగా విడదీసి, మీటరు కొసలను దాని రెండు వైర్లకు తాకించాలి. వైండింగ్‌కి కలిసి ఉండగా కొలిస్తే అంకె తప్పు వస్తుంది. ఈ కండెన్సర్‌కి ప్లస్, మైనస్ లేవు, ఎటు పెట్టినా ఒకటే.

డబ్బా మీద 2.5, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం అని ఉంటే 2.38 నుంచి 2.62 వరకు ఏ అంకె వచ్చినా కండెన్సర్ కొత్తదానితో సమానం. 2.2, 2.3 దగ్గరుంటే ఇంకొన్నాళ్లు నడుస్తుంది, ఎటూ కప్పు విప్పారు కాబట్టి మార్చేయడమే మేలు. 2.0 కంటే కిందికి దిగితే గాలిలో తేడా ఒంటికే తెలుస్తుంది. 1.5 దగ్గరికి వస్తే ఫ్యాన్ కదలడానికే తంటాలు పడుతుంది. మీటరు సున్నా దగ్గరే ఉంటే లోపల దారి తెగినట్టు.

ఈ కొలతకు ఒక పరిమితి ఉంది. మీటరు కొద్ది వోల్టులతోనే పరీక్షిస్తుంది. ఫ్యాన్ తిరిగేటప్పుడు కండెన్సర్ కొసల మధ్య ఉండేది సప్లై వోల్టేజీ కంటే కూడా ఎక్కువ, ఎందుకంటే వైండింగ్, కండెన్సర్ వరుసలో ఉన్నప్పుడు ఒకదాని వోల్టేజీ రెండోదానికి ఎదురుగా పనిచేస్తుంది. 440 వోల్టుల కండెన్సర్ వాడేది అందుకే. మీటరులో 2.5 చూపించి, అసలు వోల్టేజీ దగ్గర లీకయ్యే కండెన్సర్లు అరుదుగా తగులుతాయి. విలువ బాగున్నా ఫ్యాన్ మారకపోతే, అదే ఇంట్లో అదే విలువ ఉన్న ఇంకో ఫ్యాన్ కండెన్సర్‌ని తెచ్చి పెట్టి చూడటం తిరుగులేని పరీక్ష. పైసా ఖర్చు లేదు.

మైక్రోఫారడ్ రేంజి లేని మీటరైతే ఓముల రేంజిలో పెట్టి చూడవచ్చు. ముల్లు మీటరులో ముల్లు ఒక్కసారి లేచి వెనక్కి పడిపోవాలి. డిజిటల్ మీటరులో అంకె పెరుగుతూ పోయి చివరికి ఓఎల్ (మీటరు హద్దు దాటిందని) అని రావాలి. లేవకపోతే తెగినట్టు, లేచి అక్కడే నిలిస్తే షార్ట్ అయినట్టు. ఈ పరీక్ష బతికుందా పోయిందా అన్నది మాత్రమే చెబుతుంది. 1.6కి అరిగిన కండెన్సర్ కూడా ఇందులో ఠీవిగా పాసైపోతుంది. ఫ్యాన్ నెమ్మదించిన కేసుల్లో అసలు ప్రశ్న ఎంత మిగిలిందన్నదే కాబట్టి దీని మీద ఆధారపడకూడదు.

ఎలక్ట్రీషియన్లు టెస్ట్ బోర్డు మీద 60 వాట్ల ఫిలమెంట్ బల్బుకు వరుసలో కండెన్సర్ కలిపి చూస్తారు. బల్బు మసకగా వెలిగితే కండెన్సర్ పని చేస్తున్నట్టు, నిండుగా వెలిగితే షార్ట్, వెలగకపోతే ఓపెన్. ఎల్ఈడీ బల్బుతో ఈ పరీక్ష పనికిరాదు, అది కొద్దిపాటి కరెంటుకే వెలిగిపోతుంది. వైర్లను ప్లగ్గులో గుచ్చి తీసి, ఒకదానికొకటి తాకించి నిప్పురవ్వ వస్తే బాగుందని చెప్పే పద్ధతి ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. కొలత దృష్ట్యా అది దేనికీ పనికిరాదు. 1.6 ఉన్న కండెన్సర్ కూడా రవ్వలు కక్కుతుంది. పైగా చేతిలో 325 వోల్టులు పట్టుకుని ఆడే ఆట అది.

పెద్ద విలువ వేస్తే గాలి పెరుగుతుందా

2.5 తీసి 3.15 వేయించుకోమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఫ్యాన్‌కి కంపెనీయే 3.15 ఇచ్చి ఉంటే అదే వేయాలి. 2.5 కోసం చుట్టిన వైండింగ్‌కి 3.15 వేస్తే కండెన్సర్ అడ్డంకి 1,270 నుంచి 1,010 ఓములకు పడిపోతుంది. వైండింగ్ అడ్డంకిలో కొంత భాగం దానికి ఎదురుగా పనిచేసి ఇంకొంత తగ్గిస్తుంది కాబట్టి స్టార్టింగ్ వైండింగ్‌లో కరెంటు ఆ నిష్పత్తికి మించే పెరుగుతుంది. మోటారు వేడెక్కుతుంది, శబ్దం పెరుగుతుంది. వేగం మాత్రం కొద్దిగానే మారుతుంది. 14 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న ఫ్యాన్ మోటారులో క్షేత్రం నిమిషానికి 428 చుట్లు తిరుగుతుంది. కండెన్సర్ ఎంత పెద్దదైనా రోటార్ ఆ హద్దు దాటదు. మామూలుగా అది 350 నుంచి 380 మధ్య తిరుగుతుంటుంది. ఆ కొద్దిపాటి తేడా కోసం వైండింగ్‌ని కాల్చుకోవడం తెలివైన పని కాదు. కొత్త కండెన్సర్ వేశాక గాలి అమాంతం పెరిగిందని చెప్పేవారి విషయంలో జరిగేది వేరు. అరిగి 1.6కి పడిపోయినదాని స్థానంలో 3.15 వచ్చింది. అక్కడ 2.5 వేసినా దాదాపు అదే గాలి వచ్చేది.

అమెరికాలో ఉండే తెలుగువారి ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ లెక్క కొంచెం వేరు. అక్కడ 120 వోల్టులు, 60 సైకిళ్లు. గొలుసు లాగి మూడు స్పీడులు మార్చే ఫ్యాన్లలో రెగ్యులేటర్ పనీ, మోటారు పనీ చేసే కండెన్సర్లు చాలావరకు ఒకే నల్ల డబ్బాలో, ఫ్యాన్ అడుగున గొలుసు ఉన్న చోటే ఉంటాయి. దానికి మూడు నుంచి అయిదు వైర్లు ఉంటాయి, ఒక్కో జంట విలువ డబ్బా మీదే రాసి ఉంటుంది. ఏదో ఒక స్పీడు మాత్రమే పోయిందంటే ఆ జంటను కొలిస్తే విషయం తెలుస్తుంది.

మన దగ్గర 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయ్యాక బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ల వాడకం బాగా పెరిగింది. వాటికి కప్పులో ఈ 2.5 కండెన్సర్ ఉండదు, వేగాన్ని లోపలి ఎలక్ట్రానిక్ బోర్డే చూసుకుంటుంది. వాటిని పాత కండెన్సర్ రెగ్యులేటర్ ద్వారా కలపకూడదు, రెగ్యులేటర్ తీసేసి నేరుగా స్విచ్‌కే ఇవ్వాలి.

సరైన విలువ ఉన్న కొత్త కండెన్సర్ వేసినా మామూలు ఫ్యాన్ మారలేదంటే అప్పుడు వైండింగ్ చూడాలి. కండెన్సర్‌నీ సప్లైనీ విడదీసి, మోటారు నుంచి వచ్చే మూడు వైర్లలో రెండేసి చొప్పున ఓములు కొలవాలి. ఉదాహరణకు 160, 220, 380 వచ్చాయనుకుందాం. పెద్ద అంకె మిగతా రెండింటి మొత్తమైంది కాబట్టి రెండు వైండింగుల్లోనూ దారి తెగలేదు. ఆ పెద్ద అంకె వచ్చిన రెండు వైర్ల మధ్యే కండెన్సర్ కలపాలి, మిగిలినది కామన్. మూడు కొలతల్లో రెండు ఓఎల్ చూపిస్తే ఒక వైండింగ్ తెగినట్టు. ఏ వైరుకైనా, మోటారు ఇనుప బాడీకి మధ్య ఓములు చూపిస్తే ఇన్సులేషన్ దెబ్బతిన్నట్టు, ఆ ఫ్యాన్‌కి కరెంటు ఇవ్వనే కూడదు. రీవైండింగ్ గురించి మాట్లాడాల్సింది ఈ అంకెలు చూశాకే.